చేప గుంజుకపోయిన టూరు

"...గాలం ఇట్ల ఏసిన్నో లేదో, ఒక్క గుంజుడు గుంజింది కొమురన్నా, పడవే గిర్రున తిరిగింది. మా ఆమె భయపడి నా నడుము గట్టిగ పట్టుకున్నది."

మొయినాబాద్‌ల షేర్ ఆటో దిగి జంగమ్మ చాయ్ హోటల్ దిక్కు వస్తున్న నాగేందర్ చెవుల పడ్డ మొదటి మాట గిది. గొంతు బావదే. బావ ఆంజనేయులు మొయినాబాద్ నుంచి కంపెనీ పిల్లలను హైటెక్ సిటీకి తీస్కపోయి తెచ్చే బండి డ్రైవరు. నాగేందర్ అక్క బాలమణి మొగడు. అక్క అలిగి షాబాద్‌ల పుట్టింటికొచ్చి నెల దాటింది. బావ తోల్కపోను రాలే. ఎందుకు రాలేదో అడిగి రమ్మని అవ్వ నాగేందర్‌ను తోలింది. ఎట్ల అడగాల్నో ఆటోల వచ్చినంతసేపు లోపల్లోపల అనుకుంటనే వచ్చిండు.

బావ అటు మొకం పెట్టి కూసున్నడు. నాగేందర్ సప్పుడు చెయ్యకుంట ఎన్క బల్ల మీద కూసున్నడు.

నడుము పట్టుకున్న ఆమె ఎవలు?

"సముద్రానికి ఎప్పుడు పోయినవ్‌రా?" కూరగాయల మార్కెట్‌ల మూటలు మోసే కొమురయ్య అడిగిండు.

"మొన్న ఐతారమే. మా బండెక్కే ఈశ్వరప్రసాద్ సారుది బాపట్ల దిక్కు. సూర్యలంక పో ఆంజనేయులూ, మంచిగుంటదన్నడు. ఊకె మొగడు పెండ్లాం పోయి ఇసుకల కూసొని వస్తె ఏమొస్తదన్నా? సూసినట్టు ఉంటది, చేపలు పట్టినట్టు ఉంటది అని గాలం గూడ పట్టుకపోయిన."

మొన్న ఐతారం అక్క పత్తి చేన్ల కలుపు తీసింది. పక్క సాలుల నాగేందరే ఉండె. జంగమ్మ ఇచ్చిన చాయ్ గ్లాసు చేతుల పట్టుకున్నడు గని తాగబుద్ధి కాలే.

"అటెన్క ఏమైందో ఎరుకనా? పడవాయనకు మోటరు బంద్ పెట్టమన్న. డీజిల్ దండుగ, చేపనే గుంజుతున్నది గదా. గాలం తాడును ఎడ్ల పగ్గం లెక్క రెండు చేతుల పట్టిన. కుడికి గుంజితె కుడికి, ఎడమకు గుంజితె ఎడమకు. మా కంపెనీ మేనేజరు కన్న నయం, ఎదురు మాట్లాడలే."

"ఎంతుంటదే చేప?" అన్నది జంగమ్మ.

"మొదలు మూరెడు అనుకున్నక్కా. పైకి తేలినంక సూస్తె మన చేవెళ్ల బస్సంత ఉన్నది."

"ఆర్డినరీనా, ఎక్స్‌ప్రెస్సా?"

"ఎక్స్‌ప్రెస్సే. యాడ చెయ్యెత్తినా ఆపలే. మచిలీపట్నం కాడ లైటుహౌసు సూస్తనన్నది మా ఆమె. దూడను గుంజకు కట్టేసినట్టు చేపను ఆ లైటుహౌసుకే కట్టేసి పైకెక్కినం. దిగొచ్చినంక పాపం ఆకలైతదని దానికొక మిరపకాయ బజ్జి ఏసింది మా ఆమె. కారం తల్గింది. ఇగ సూడు ఉరుకుడు. కాకినాడల కాజా కొనుక్కుంట జర ఆగుమంటె ఆగలే. బువ్వ యాళ్లకు విశాఖపట్నం. ఆడ రేవుల పెద్ద జహాజు ఒకటి స్టార్ట్ కాకుంట నిలవడ్డది. మా చేపనే ఎన్క నుంచి తోసి స్టార్ట్ చేపిచ్చింది."

కొమురయ్యకు చాయ్ పొరబోయింది.

"నవ్వకన్నా. విశాఖల మా ఆమె చేపల పులుసుతోని రెండు ప్లేట్ల బువ్వ తిన్నది, మా చేపకు కనవడకుంట అటు మల్లుకొని. తిన్నంతసేపు నవ్వుతనే ఉన్నది. ఆ నవ్వుడు నేను ఎన్నడు సూడలే."

చేపల వాసనొస్తె అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటది. ఇంకేం అనుమానం లేదనుకున్నడు నాగేందర్. అక్కకు ఏమని చెప్పాలె?

"వాపస్ ఎట్ల వచ్చినవ్? రైలా?"

"రైలెందుకు? కృష్ణ నదిల ఎదురీదింది. బెజవాడ బ్యారేజీ అడ్డమొస్తె ఎగిరి దుంకింది. మూసీలకు మలిపిన. సీదా గండిపేట. ఆడ దింపి, మంచిగ పోండ్రి అన్నట్టు తోక ఊపి..."

"బావా."

ఆంజనేయులు మల్లి సూసిండు. "అరె నాగేందర్, ఎప్పుడొచ్చినవ్‌రా?"

"మొన్న ఐతారం అక్క మా చేన్ల కలుపు తీస్తుండె." నాగేందర్ లేసి ముంగటికొచ్చిండు. "పడవల ఉన్నదెవలు బావా?"

బస్సంత చేపను నమ్మినోడు ఒక్కడు లేడు ఆడ. ఆడిమనిషిని మాత్రం అందరు నమ్మిన్రు. జంగమ్మ స్టవ్వు తగ్గిచ్చింది.

"ఎవలయ్యా ఆమె?"

"అరె, ఊకె అన్నక్కా. చేప గంత లేకుండె. మూరెడే."

"చేప ముచ్చట ఎవలడిగిన్రు?"

"విశాఖ గూడ పోలే. సూర్యలంక కాడనే..."

"ఎవలతోని?"

"సూర్యలంక గూడ పోలే. గండిపేట కట్ట మీద కూసొని గాలం ఏసిన. ఒక్కన్నే. ఏం పడలే. ఒట్టు."

కొమురయ్య గ్లాసు కింద పెట్టిండు. "చేప పాయె, పడవ పాయె, సముద్రం గూడ పాయె. ఆమె మాత్రం ఇంక ఆన్నే కూసున్నది గదరా."

నాగేందర్ సెల్లు పట్టుకొని రోడ్డు పక్కకు పోయిండు. అక్కకు అన్ని చెప్పిండు. బజ్జి, లైటుహౌసు, చేపల పులుసు, నవ్వుడు, ఏది దాయలే.

"పిచ్చోడా, అది నేనేరా," అన్నది అక్క. "పెండ్లైన కాడి నుంచి వచ్చే ఐతారం సముద్రానికి పోదమంటడు. ఐతారం వస్తె ఏదో ఒక కథ చెప్తడు. అందుకేనాయె నేనొచ్చింది."

"నువ్వు చేపలు తినవు గదక్కా."

"ఒక్క ముద్ద తినుమని రోజు బతిలాడుతడు. కథలనన్న తినిపిచ్చుకున్నడు."

"ఫోను బావకియ్యాల్నా?"

"వద్దు. నువ్వే చెప్పు. నేనెట్లన్ననో గట్లనే చెప్పు."

నాగేందర్ వాపస్ వచ్చిండు. హోటల్ మొత్తం ఆయన మొకమే సూస్తున్నది. ఆంజనేయులు లేసి నిలవడ్డడు.

"ఏమన్నదిరా?"

నాగేందర్ తల దించుకొని, ఒక్క మాట పోకుంట చెప్పిండు.

"చేప ఎన్కవడి విశాఖ దాక పోయినోనికి షాబాద్ ఎంత దూరమట? సముద్రం తర్వాత సూద్దం, మొదలు ఈడిదాక రమ్మను."