మా బావ, గేర్ల మీది గ్రీజు

సభాధ్యక్షులకు, ముందు వరుసలోని పెద్దలకు, రిమోటు కార్ల క్లబ్బు మిత్రులకు, రేసు లేని రోజున కూడా ఓపిగ్గా వచ్చిన మీ మీ ఇంటివాళ్ళకు నమస్కారం.

ఊరు మారుతున్న మన సర్వీసు ఇన్‌ఛార్జి గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. ఆయన మా అక్క భర్త. పోయినేడు వాళ్ళిద్దరూ విడిపోయారు, ఇది ఈ హాల్లో అందరికీ తెలిసిందే కనక దాపరికం లేదు. అయినా బావా అన్న పిలుపు తప్ప నాకు ఇంకోటి నోట రాదు, అధ్యక్షులవారు మన్నించాలి.

పెళ్ళైన కొత్తలో మా ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే నా రిమోటు కారు తిరగేసి చూశాడు. గేర్లన్నిటికీ గ్రీజు దట్టంగా పూసి నేను మురిసిపోతున్న రోజులవి. "ఇది బండా, జిడ్డు మూకుడా?" అన్నాడు. (నవ్వులు) "బయటి గేర్లకు పూస్తే దుమ్మంతా అంటుకుని గరుకు కాగితంలా పళ్ళను తినేస్తుంది. వాటిని పొడిగా ఉంచు. గ్రీజు ఉండాల్సింది మూతున్న గేరుబాక్సు లోపల. బేరింగుకు ఒక చుక్క నూనె, అంతే, గుమ్మరించకు." కోశాధికారిగారూ, మీరు నవ్వకండి, మీ కారు నిన్ననే చూశాను, నూనెలో ఈదుతోంది. (నవ్వులు)

విడిపోయి అక్క మా ఇంటికొచ్చేశాక ఆయన మా వీధిలోకి రావడం మానేశాడు. ఒక్కసారి మాత్రం వచ్చాడు. వానలో రేసు ఆడి, తడి కారును నేను అలాగే సంచిలో కుక్కి ఇంటికి తీసుకుపోయానని ఎవరో చెబితే, బేరింగులు తుప్పు పడతాయని పరుగెత్తుకొచ్చాడు. గేటు దాటలేదు. ప్రహరీ గోడ మీదే కారు విప్పి, తడి తుడిచి, నూనె వేస్తున్నాడు. అక్క లోపల్నుంచి పాత తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "చొక్కాకే తుడిచేసుకుంటారు, ఇది ఇవ్వు" అంది. ఇచ్చాను. ఎవరిచ్చారని ఆయన అడగలేదు. చేతులు తుడుచుకుని, చక్కగా మడత పెట్టి తిరిగి ఇచ్చాడు. పని చేసిన గుడ్డను మడత పెట్టడం ఆయన జన్మలో ఎరగడు.

నాకు బాధగా ఉంది. వాళ్ళ సంగతిలో నన్నెవరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. కానీ అక్కకు భర్త దూరమైతే నాకు బావ దూరమవుతున్నాడు, అది ఎవరితో చెప్పుకోవాలో తెలియక మీతో చెబుతున్నాను.

బావా, అక్కడికి వెళ్ళాక ఫోన్ చేస్తుంటాను. ఏ గ్రీజు, ఎంత నూనె అనే అడుగుతాను, నువ్వు చెప్పిందంతా నాకు కంఠతా వచ్చినా సరే. మన మధ్య వేరే మాటలు ఎప్పుడూ లేవు, కొత్తగా నేర్చుకోవడం నా వల్ల కాదు. విసుక్కోకుండా ప్రతిసారీ మొదటినుంచీ చెప్పు.

ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.