నల్లంగి మీద ఒక్క గుండు

వద్దంటున్న గదా, ఆ గుండుకు మెరుగు పెట్టకు! ఆ సొట్ట సుత సాపు చెయ్యకు. గది నా బిడ్డ పాలు తాగుకుంట కొరికిన పంటి గాటు. ఉన్నది ఉన్నట్టే ఉండాలె. ఇన్నవా భీమశంకరం?

ఏంది గట్ల సూస్తవు? ఒక్క గుండుకు గొలుసేందని నవ్వొస్తుందా? నవ్వు. ముసల్దానికి మతి పోయిందనుకో.

గొలుసు దారమంత సన్నగ ఉండాలె. కనవడీ కనవడనట్టు. దానికి ఈ ఒక్క బంగారు గుండు. ముత్యం వద్దు, పగడం వద్దు, నీ సొంత తెలివి అసలే వద్దు. బంగారం ఏడిదంటవా? ఇగో, నా గంటీలు. చెవులు బోడిగ ఉంటె ఉండని, కరిగియ్యి.

ఎవలికా? నా మనుమరాలు సుగుణకు. పటాన్‌చెరు కంపిన్ల బట్టలు కుడుతది. జపాన్ దేశంల పోరగాండ్లు బజార్ల తిరిగెటప్పుడు ఏసుకునే అంగీలట. కుట్టు జెర వంకర పోతె పక్కకు పడేస్తరు, గసొంటిది ఒకటి తెచ్చుకున్నది. బొగ్గు లెక్క నల్లగ. చేతులు గింత వెడల్పు. భుజాలు మోచేతి దాంక జారుతయి. ముందట రెక్క మీద రెక్క ఏసి నాడె కట్టుడే. కింద దొలదొల పాయింటు, తెల్ల బూట్లు.

"ఏందే, మీ తాత గొంగడి కప్పుకున్నట్టు?" అని తిట్టిన. నవ్వింది పోరి. "అమ్మమ్మా, దీని మీదికి సన్న గొలుసు, ఒక్కటే బిళ్ల. కంపిన్ల బొమ్మల పుస్తకంల సూసిన. రెండోది ఏస్తె కండ్లు చెదురుతయి. ఒక్కటే ఉంటె సూసెటోళ్ల కన్ను దాని మీదనే ఆగుతది" అన్నది.

గా మాట ఇన్నంక నాకు బువ్వ సయించలే, శంకరం. కన్ను ఆగుతదట! గదే గదా నాకు కావాల్సింది.

యాదికి తెచ్చుకో. రాదా? నేనే తెప్పిస్త. మా అవ్వ పెట్టిన గుండ్ల పేరు. ప్రతి గుండు మీద తంగేడు పువ్వు, మీ నాయిన చెక్కింది. నా బిడ్డ గుంజితె దారం తెగింది. ఏరుకొచ్చి, మల్ల గుచ్చమని నీ దోసిట్లనే పోసిన. ఒక్కటి దొరకలేదని సుత చెప్పిన. మరి నా ఏరాలు, మా మరిది పెండ్లాం సోమమ్మ ఏం చేసింది? నాకంటె ముందొచ్చి, "మా అక్క తెమ్మన్నది" అని పట్కపోయింది. పట్కపోయి, మా అవ్వగారింటోళ్లు పెట్టిన్రు అన్నది!

పెద్దమనుషులు కూసోని నిన్ను పిలిస్తె నువ్వేమన్నవు? "సోమమ్మ తెచ్చింది, సోమమ్మకే ఇచ్చిన." నన్ను అడగకుండ ఇచ్చి తప్పు చేసిన అనెతందుకు నీకు నామోషి. మీ నాయిన అప్పటికే కాలం చేసిండు. ఉంటె నిజం చెప్పెటోడు.

ఊరందరి ముందట నేను అబద్ధాలదాన్నయిన. నా పెనిమిటి సుత నన్ను అనుమానంగ సూసిండు. గది మర్చిపోతనా?

మొన్న వడ్లు పోసే పాత గరిసె ఇప్పుతుంటె అడుగున మెరిసింది. ఈ గుండే. ఆనాడు దొరకని ఒక్కటి. ఆమె మెడలున్నయి ఒక్కటి తప్ప అన్నీ దీనికి తోడబుట్టినయే. దీని జాగల నువ్వు కొత్తది చేసి గుచ్చినవు గదా? దూరంకెల్లి సూసినా తెలుస్తది, నీ పువ్వుకు రెక్కలు మొండియి. మీ నాయిన చెయ్యి నీకు రాలే. కోపమొచ్చిందా? రాని.

ఎల్లుండి సోమమ్మ అమీన్‌పూర్ల కొత్త ఇంట్లకు పోతుంది. పెద్ద దావత్. చుట్టాలందరు వస్తరు. పట్టుచీర మీద గుండ్ల పేరు, కాసుల పేరు, ఉన్నయన్నీ ఏసుకుంటది. ఏది సూడాలెనో ఎవలికీ తెల్వది. ఆమె పక్కన నా మనుమరాలు నిలవడతది. నల్లంగి. చెవులకు ఏం ఉండదు, జుట్టు పైకి ముడి. అంగీ మెడ తెరుసుకునే కాడ, గొంతు కింది గుంతల ఈ గుండు కూసోవాలె. జెర కిందికి జారినా బట్టల మునుగుతది. మునిగితె నీ పని చెప్త.

"గిదేం ఏషమే పిల్లా, ఒక్క గుండేందే?" అని ఆడోళ్లు దగ్గరికొస్తరు. పువ్వు సూస్తరు. మర్లి సోమమ్మ మెడ దిక్కు సూస్తరు. పోరి ఏం మాట్లాడది. నేను సుత మాట్లాడ. ఆనాడు పెద్దమనుషుల ముందట మాట్లాడితె ఏం ఫాయిదా అయింది?

నిన్ను సుత పిలిచిందట గదా. రా. ముందట్నే కూసో. ఈ పువ్వు ఎవలి చేతిదని నిన్నే అడుగుతరు. మీ నాయినను తలుసుకోని ఏం చెప్తవో చెప్పు.

ఏందీ? గుండ్ల పేరు మల్ల నాకు ఇప్పిస్తవా? ఇప్పుడా? ఈ ముడుతల మెడకా? వద్దు. ఉంచుకోమను.

అందరు సూస్తుంటె సోమమ్మ చెయ్యి మెడ మీదికి పోవాలె. కొంగు గుంజి కప్పుకోవాలె. బోడి మెడ కనవడకుండ ఇన్నేండ్లు నేను కప్పుకున్న. ఇగ ఆమె కప్పుకోని.

పట్కారు అందుకున్నవా? పైలం. పువ్వు మీద దెబ్బ పడితె ఊకోను.