మా తమ్ముని గిటారు ఏం రంగు

"అవ్వా, తాత గిటారు ఏం రంగుండె?" అనే కదా నువ్వడిగేది? ఆ ఫోటో ఇట్లియ్యి పాపా. అద్దాలు యాడ పెట్టినానో... ఆ, నెత్తిమీదే ఉండాయి. చూడు నా కత.

ఊఁ. వీడే. మా తమ్ముడు నాగరాజు, మీ తాత. ఎంత సన్నగుండాడో చూడు, చొక్కా కాలరేమో చెవుల దాకా. నల్లదీ తెల్లదీ తప్ప ఫోటోలో ఏముండాది? అందుకే నన్నడుగుతాండావు. నీ గిటారుకు కూడా తాత రంగే వేయించుకోవాలని. మంచిదే. ఫోను పెట్టినావా? పెట్టు, నా మాటలన్నీ పట్టుకోనీ. ఈ మధ్య నాకు మాటలు నిలబడ్తాండ్లేదు. పొద్దున పొయ్యికాడికి పోయి, ఎందుకొచ్చినానా అని నిలబడుకొంటాండా. క్యాలెండరు కాయితాల వెనక రాసిపెట్టుకొంటా, ఆ కాయితం యాడ పెట్టిందీ మళ్ళీ మర్చిపోతా. చదువు మాత్రం పోలేదు. బడికి పోయినదాన్ని కాదు, బెల్లం పొట్లాల కాయితాలు చూసి ఒక్కో అక్షరం కూడబలుక్కొని నేర్చుకొన్నా. కష్టపడి తెచ్చుకొన్నది అంత సులభంగా పోదేమో.

రంగు కదా. మొన్న మీ నాయన అడిగితే బచ్చలిపండు రంగన్నా. అంతకుముందు దానిమ్మ తొక్క రంగన్నానంట. "అవ్వకు మతి తప్పుతాండాది" అని అందరూ నవ్వినారు. నవ్వితే నవ్వనీ. రంగులద్దేవాళ్ళింట్లో పుట్టినదాన్ని. రంగే మర్చిపోతే ఇంక నాకేం మిగుల్తుంది చెప్పు?

మా నాయన ధర్మవరంలో చీరల పట్టుకు రంగులేసేవాడు. పెద్ద రాగి బాన, కింద కట్టెల పొయ్యి. నీళ్ళు మరుగుతాంటే రంగు కలిపి, పట్టు పోగుల చిలపలు కర్రకు తగిలించి ముంచి తిప్పేది. రంగు చూసేది నేను. ఒక పోగు తెంపి, బొటనవేలి గోరు మీద పరిచి, వెలుతుర్లో పెట్టి చూస్తే చాలు, ఇంకొంచెం ఉడకాలనో చాలనో చెప్పేసేదాన్ని. మొగుడు పోయి పుట్టింటికొచ్చినదాన్ని గదా, ఆ గోరే నాకింత కూడు పెట్టింది.

తమ్మునికి మాత్రం రంగూ పట్లేదు, మగ్గమూ పట్లేదు. వానికి పాట. మా ఊర్లో ఒక షావుకారింటి పెండ్లికి ఆర్కెస్ట్రా వచ్చినప్పుడు నన్ను పిల్చుకొని పోయినాడు. కరెంటు గిటార్లు నేను చూసింది అప్పుడే. మూడుండె. ఒకటి తెల్లది, వెన్న మాదిరి. ఒకటి నల్లది, అద్దమే; నిలబడితే మొగం కనపడేది. కానీ మన సీమ దుమ్ముకు నలుపు ఎంతసేపు నిలుస్తుంది? రెండు పాటలయ్యేసరికి బూడిద గుమ్మడికాయ. మూడోది చూడాల పాపా! నడుమ తేనె రంగు, అంచుకు పోయేకొద్దీ ఎరుపు, ఆఖరంచున నలుపు. ఏది యాడ మొదలైందో, యాడ అయిపోయిందో తెలీదు. ఆ మాదిరి చీర తేవాలంటే పట్టును ఎన్నిసార్లు ముంచాల్నో అని నేను ఆలోచిస్తాండా.

"ఏమక్కా, కండ్లతో వింటాండావా?" అన్నాడు వాడు.

"నువ్వు చెవుల్తో చూడు పో" అన్నా.

వాడు నవ్విన ఆ నవ్వు... ఉండు. ఏం చెప్తాండా? ఆ, గిటారు.

వాడు సొంతంగా చేయించుకొన్నాడప్పా. రేడియోలు బాగుచేసే ఖాదర్ భాయి అని ఒకాయన ఉండె, ఆయన వైర్లూ అయస్కాంతాలూ బిగించిచ్చినాడు. చెక్క పని వడ్లాయన చేసినాడు. పనస చెక్కలు రెండు పక్కపక్కన పెట్టి, బంకతో అతికి, గిటారు ఒళ్ళు మాదిరి కోసినాడు. తీగలు బెంగుళూరు నుంచి తెప్పించుకొన్నాడు. ఆ దుడ్లకు ఒక మేకపిల్ల వచ్చేది ఆ కాలంలో! వాయిస్తే మాత్రం, పాపా, వీధి వీధే నిలబడిపోయేది. ఆ ఆర్కెస్ట్రాలో గిటారాయన మానుకొంటే, వీన్ని ఆదివారం హిందూపురం పెండ్లికి రమ్మన్నారు. బాగా వాయిస్తే ఇంక వాళ్ళ మనిషే.

పచ్చి చెక్క పట్టుకొని ఎట్ల పోయేది అన్నాడు. లారీలకు రంగు కొట్టేవాళ్ళతో మెరిసే ఎరుపు కొట్టించుకొంటానన్నాడు. నాకు రోషం వచ్చింది. రంగులోళ్ళింట్లో పుట్టి లారీ రంగా?

"పైన పూసేది రంగు కాదురా, పొక్కు. లోపలికి దిగేదే రంగు. నేనేసిస్తా చూడు, బచ్చలిపండు రంగు. ఏ ఆర్కెస్ట్రాలోనూ ఉండదు" అన్నా.

"పాడవదు కదాక్కా?"

"నా గోరు మీద నమ్మకం లేదా?"

నమ్మినాడు. అదే నమ్మినాడు పాపా.

నాయన చిలమత్తూరుకు బంధువులింటికి పోయిండె. వాడు తీగలు విప్పి, వైర్లన్నీ తీసి, మెడను మరలిప్పి పక్కన పెట్టినాడు. నేను పొయ్యి రాజేసినా. ఆ యేడు వానల్లేవు, బావి అడుక్కుపోయి నీళ్ళు ఉప్పగా ఉండె. ఉప్పునీళ్ళల్లో రంగు తిరగబడ్తుందని తెలుసు గాబట్టి, దూరం పోయి రెండు బిందెలు మంచినీళ్ళు మోసుకొచ్చి బాన్లో పోసినా. అంత జాగర్త. నీళ్ళు తెర్లి బుడగలొచ్చినాక రంగు కలిపి, ఆ చెక్కను పట్టు చిలపను ముంచినట్లే బాన్లో ముంచినా. మూతేసినా. పట్టుకెంతసేపో అంతసేపు.

నీకు తెలుస్తాండాది గదా? నాకప్పుడు తెలీలేదు. మా ఇంట్లో రంగంటే ముంచడమే. ముంచకుండా రంగుంటుందని మాకెవరికీ తోచనే తోచదు. వడ్లాయన బంక వేడినీళ్ళకు కరుగుతుందని నాకెవరు చెప్పినారు?

మూత తీస్తే రెండు చెక్కలు. విడివిడిగా తేలుతాండాయి.

వాడు కర్రతో ఒక చెక్క, మళ్ళీ కర్రతో ఇంకో చెక్క, మెల్లగా బయటికి తీసి ఎండలో పెట్టినాడు. బిడ్డ నీళ్ళల్లో పడితే తీస్తారు చూడు, అట్ల. తిట్టుంటే బాగుండు.

సాయంత్రం నాయన వచ్చినాడు. బాన నిండా బంక జిగురు. "ఎవరు చేసినార్రా ఈ పని?" అని అరిచినాడు. నేను తలుపు వెనకాల ఉండా. నోరు తెరిచినా. నిజంగా తెరిచినా పాపా. అంతలో వాడే, "నేనే నాయనా. అక్క వద్దన్నా నేనే ముంచినా" అన్నాడు. నాయన కోపం తెలుసు వానికి. నన్ను పొమ్మంటే నేను యాడ పోవాల? ఆ ఆలోచన నాకు కాదు, వానికొచ్చింది. నేను నోరు మూసుకొన్నా. "రేపట్నుంచి మగ్గం గుంతలో కూచో" అన్నాడు నాయన. ఆదివారం వేరే ఎవరో పోయినారు హిందూపురానికి.

తర్వాత వాడు చెక్కలు మళ్ళీ అతికించి, లక్క స్పిరిటులో కరిగించి పైన పూసి మెరిపించుకొన్నాడు. చూడ్డానికి బాగుండె. కానీ చెక్క వంకర పోయింది. ఎంత బిగించినా శ్రుతి నిలబడేది కాదు. ఈ ఫోటో అప్పటిదే. స్టూడియోలో పట్టుకొని నిలబడినాడు, అంతే. వాయించేదానికి కాదు. ఆఖరి దాకా మగ్గమే నేసినాడు. ఎవరడిగినా "నేనే పాడు చేసుకొన్నా" అనేవాడు. మీ నాయనకూ అదే చెప్పినాడు. పోయేనాటికి కూడా నిజం చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇదో, ఇట్ల దగ్గరికి రా. ఈ నడుమ గీత చూడు, పైనుంచి కింది దాకా. ఫోటో మడత పడిందనుకొంటాండ్రి గదా మీరు? వేలితో తడుము. మడత ఉండాదా? లేదు కదా. అది అతుకు పాపా. ఫోటోలో ఎడమ చెక్క కొంచెం తెలుపు, కుడిది కొంచెం నలుపు, కనపడ్తాందా?

అబ్బా. అదీ సంగతి. ఒక చెక్క చెట్టు అంచుది, తెల్లది. దాని మీద బచ్చలిపండు రంగు బచ్చలిపండు మాదిరే దిగింది. ఇంకోటి నడిమి చేవ, పసుపు పచ్చది; పసుపు మీద అదే రంగు పడి ఎండిన దానిమ్మ తొక్క మాదిరైంది. ఒకే బాన, రెండు రంగులు. నేను రెండుసార్లు చెప్పింది రెండూ నిజమే! నాకు మతి తప్పలేదు పాపా. దీంట్లో తప్పలేదు.

ఫోటో వెనక్కి తిప్పి రాయి. ఎడమ పక్క బచ్చలిపండు. కుడి పక్క దానిమ్మ తొక్క. రాసినావా? దాని కిందనే ఇంకోటి రాయి. "ముంచింది నాగరాజు కాదు, వాళ్ళక్క." రాయి, ఏం కాదు. అట్ల చూడొద్దు నన్ను. రేపు నేను మర్చిపోయి, తమ్ముడే ముంచినాడని నేనే చెప్పినా చెప్తానేమో. వాడు నాకోసం చెప్పిన అబద్ధం నా నోట్లోనే నిజమైపోతుందేమోనని నా భయం. కాయితం మర్చిపోదు గదా.

ఆ... ఇప్పుడు చదువు. మెల్లగా.

బాగుండాది. నీ చెయ్యి చల్లగుండ, తల్లీ. నీ శ్రుతి నిలబడ. రంగు మాత్రం లారీలోళ్ళతోనే కొట్టించుకో, పైన పూస్తే చాలు... ఏదీ, ఆ కింది వరస ఇంకొక్కసారి చదువు.