మేకుకు తగిలించిన తాళంచెవులు

హిందూపురంలోని ఆ వీధికి కొళాయి నీళ్లు మధ్యాహ్నం వస్తాయి. ఆ వేళకు అందరూ పనుల మీద ఉంటారు. అందుకే ఇంటికొక తాళంచెవి, పగలంతా ఇంట్లోనే ఉండే ఒకామె గోడ మేకులకు వేలాడుతుంటుంది. ఇల్లిల్లూ తిరిగి డ్రమ్ములు నింపేది ఆమే. ఆ పొద్దున ఎదురింటతను కాగితం పట్టుకొని వచ్చాడు.

"అక్కా, ఈడొక సంతకం పెట్టు. మన వీధి చివర ఇల్లు లేనోళ్లకు షెల్టరు కడతారంట. వద్దని అర్జీ ఇస్తాండాం."

"ఎందుకు వద్దప్పా?"

"తాగుబోతులు, దొంగలు వచ్చి పడతారు. ఇండ్లకు తాళాలేసి ఎట్ల పోవాల? నీ సంతకం ముందుంటే వీధంతా పెడతారు."

"నేను పెట్టనప్పా. ధర్మవరంలో మూడేండ్లు షెల్టర్లో పండుకున్నదాన్ని."

"నువ్వా?"

"మా ఆయన పోయినాక మగ్గం అమ్మేస్తి. బాడుగిల్లు గూడా ఖాళీ చేయమనిరి."

"నువ్వు వేరేలే అక్కా."

"నా పక్క మంచంలో ఉండే ఆమె గూడా నా మాదిరే ఉండె."

అతను గోడకేసి చూశాడు.

"మా తాళంచెవి ఇయ్యక్కా."

ఆమె తీసి ఇచ్చింది. తనకు కోపం వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు.

"ఈపొద్దు నీళ్లొస్తాయి. ఇంట్లో ఎవరుంటారు?"

"ఇద్దరికీ డ్యూటీ ఉండాది."

అతను తాళంచెవిని తానే మళ్లీ మేకుకు తగిలించాడు. కాగితం తీసుకొని పోయి పక్కింటి గేటు కొట్టాడు.

"ఆ ఇంట్లో ఎవరూ లేరప్పా," అంది ఆమె గడపలోంచే. "వాళ్ల తాళంచెవి గూడా నా దగ్గరే ఉండాది."