ఆస్మా పేరు

సర్వేకు వచ్చిన అమ్మాయి ట్యాబ్‌ను సంచిలో పెట్టుకొని ఉదయగిరి బస్టాండు వైపు వెళ్ళిపోయింది. ఆమె లేచిన అరుగు మీదే, ఇంటామె పక్కన, పక్కింటావిడ తన చెక్క గరిటెలు, వాటిని రుద్ది నునుపు చేసే ఉప్పుకాగితం తెచ్చుకొని కూర్చుంది.

“ఏమ్మే, అంతసేపు కూర్చోబెట్టుకున్నావే! నా వాకిలి దాటుకొనే వచ్చింది, నన్ను పలకరించను కూడా లేదు.”

“ఇళ్ళు వాళ్ళే ఏరుకుంటారంటక్కా. నా చేతిలో ఏముండాది?”

“ఏమడిగిందేంది?”

“పండగలకి ఎవురింటికి పోతావు, కష్టమొస్తే ఎవురికి చెప్పుకుంటావు, అట్టాంటివి.”

“ఎవురికన్నావు?”

“ఆస్మాకని చెప్పినా.”

“వింజమూరులో ఉండే ఆ నీ సావాసగత్తె ఆస్మాకా? నీకు జ్వరమొస్తే ఆత్మకూరు ఆస్పత్రిలో నీ మంచం పక్కన కింద పడుకున్నది ఆస్మానా?”

“నువ్వే.”

“మొన్న నీ మొగుడు అలిగి పోతే ఎవురి కాడ ఏడ్చినావు?”

“నీ కాడే.”

“మరి నా పేరు నీ నోటికి రాలేదా?”

“ఆ ప్రశ్నకి ఇంటి బయటోళ్ళ పేర్లే చెప్పాలంటక్కా.”

“నేనేమన్నా మీ ఇంట్లోదాన్నా?”

“ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళు ఎవురెవురని మొదట్లోనే అడిగింది. నువ్వు ఒంటిదానివైనప్పట్నించీ నా చేతి కూడే కదా తింటుండావు. నిన్నూ మాలో కలిపి చెప్పేసినా.”

ఉప్పుకాగితం ఆగింది.

“నీకు ఏమవుతానని చెప్పినావు?”

“మా అక్కవని.”

ఉప్పుకాగితం మళ్ళీ కదిలింది, ఈసారి మెల్లగా.

“సరేలే. అయినా ఆ ఆస్మా పేరు ఎందుకు చెప్పాల? బయట ఎవురూ లేరంటే ఏం పోయింది?”