రెండు శక్తులు, పధ్నాలుగు మెట్లు

"అమ్మమ్మా, ఫోన్ రికార్డ్ అవుతోంది. నువ్వు మళ్ళీ మెట్లు ఎక్కిన స్టోరీ చెప్పు."

అవుతోందా? కాస్త దగ్గరగా పెట్టు మరి, నా గొంతు అందదు. ఊఁ. ఏం చెప్పమంటావే గ్రేసీ, అందులో సగం తప్పు నీదే కదా! నవ్వకు. నా గుండె ఆపరేషన్ పోయినేడాది... కాదు కాదు, అంతకు ముందు ఏడాది, నీ పళ్ళకి క్లిప్పులు పెట్టించిన ఏడాది. ఆ డాక్టరమ్మ ఇంగ్లీషులో ఏదో గడగడా చెప్పింది. మీ అమ్మేమో కార్ పార్క్ చెయ్యడానికి వెళ్ళింది. నువ్వే నాకు తెలుగులో చెప్పావు, "అమ్మమ్మా, నీ హార్ట్‌లో శక్తి తక్కువైపోయిందంట" అని. తర్వాత మెట్ల గురించి కూడా ఏదో చెప్పావులే, నాకెక్కడ వినపడింది? ఆ మాట దగ్గరే ఆగిపోయాను. శక్తే అయిపోయిందంటే ఇంకేం మిగిలినట్టు చెప్పు?

ఇంటికొచ్చాక ఒకసారి మెట్లెక్కి చూశాను. నా సంగతి తెలుసుగా, ఏదైనా చకచకా అయిపోవాలి నాకు. ఐదో మెట్టుకే ఆయాసం, అక్కడే కూలబడ్డాను. మీ అమ్మ హడలిపోయి నా మంచాన్ని కింది హాల్లోకి దింపించేసింది. పైన నీ గదిలో పక్కపక్కన పడుకుని ఇద్దరం ప్రార్థన చేసుకునేవాళ్ళం కదా, అది కాస్తా పోయింది. ఇంక పైకెక్కేది లేదు, నా బతుకింతే అనుకున్నాను. అన్నం సయించేది కాదు. నీకు చెప్పలేదు గానీ, వంటింట్లో పంపు తిప్పి ఏడ్చాను కూడా.

మరేమో, నీ ఫిజిక్స్ టెస్ట్ వచ్చింది. వంటింటి బల్ల మీద పుస్తకాలన్నీ పరిచి సణుగుతున్నావు. ఇద్దరు మనుషులు, ఒకే బరువు, ఒకే మెట్లు, ఒకడు పరిగెత్తి ఎక్కాడు, ఇంకొకడు నిదానంగా ఎక్కాడు, ఎవరికి ఎక్కువ ఎనర్జీ పట్టిందీ అని లెక్క. పరిగెత్తినవాడికే అని రాశావు. తప్పంట! "ఎనర్జీ సేమ్ అంట అమ్మమ్మా, పవరే డిఫరెంట్ అంట" అని విసుక్కున్నావు. పవరంటే ఏంటే అన్నాను. శక్తి అన్నావు. మరి ఎనర్జీ అంటే? అదీ శక్తే అన్నావు. రెండూ శక్తే అయితే ఇంక తేడా ఏముందే పిచ్చిదానా, నీకు మార్కులెలా వస్తాయీ అని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగాను. "ఆ రోజు డాక్టరమ్మ ఏ శక్తి అందే?" అనడిగాను, గుర్తుందా?

"పవర్ అంది. పంపింగ్ పవర్."

ఆఁ, అదీ! ఆ మాట వినగానే నాకు మన పాలకొల్లు పిండి మర గుర్తొచ్చింది. మీ తాతగారూ నేనూ నడిపేవాళ్ళం కదా. కేజీ ఆడితే పావలా అప్పుడు. క్రిస్మస్ ముందు అరిసెల పిండికి జనం బారులు తీరి ఉండగా, సరిగ్గా అప్పుడే చూడు, పది హార్స్‌పవర్ మోటారు కాలిపోయింది. దొరికింది ఐదుదే. తొట్టిలోంచి బియ్యం సన్నగా వదలాలి, లేకపోతే ఆగిపోతుంది. గంటలో అయ్యే పిండికి రెండు గంటలు పట్టేది. మా తోటికోడలు మరియమ్మ, మంచిదేలే పాపం, నోరే కాస్త... "ఏంటక్కా, మీ మర కునుకు తీస్తోందా" అనేది. నేనేమో మోటారు రెండింతల సేపు తిరుగుతోంది, యూనిట్లు కూడా రెండింతలు కాలిపోతాయని గుండెలు బాదుకున్నాను. తీరా రీడింగు చూస్తే, ఎప్పుడూ అయ్యేదే! ఒకటో రెండో అటూ ఇటూ. మీటరు చూసే ఆయన నవ్వి, "అదే పిండి, అవే యూనిట్లమ్మా. చిన్న మోటారు కదా, నిదానంగా లాగింది" అన్నాడు. ఆ క్రిస్మస్‌కి మా వీధిలో ఒక్క ఇంట్లో కూడా అరిసెలు ఆగలేదు, తెలుసా.

అంటే నాకు తగ్గింది హార్స్‌పవరే! పైకెక్కే శక్తి అన్నం తింటే వస్తుంది. తెలుగు పుస్తకాల్లో పవర్‌ని సామర్థ్యం అంటారని మీ నాన్న తర్వాత వెతికి చెప్పాడులే, ఆ ముక్క ముందే తెలిస్తే నాకు అంత ఏడుపు తప్పేది. మీ అమ్మ ఫోన్ చేసి కనుక్కుంటే, "మొదటి రోజే చెప్పానుగా, మెట్టు మెట్టుకీ ఆగి నిదానంగా ఎక్కమని" అందంట డాక్టరమ్మ.

ఆ సాయంత్రమే ఎక్కాను. ఒక మెట్టు, ఆగడం. ఇంకో మెట్టు, ఆగడం. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది, నువ్వు వెనకాల ఫోన్‌లో టైమ్ పెట్టావు. పధ్నాలుగు మెట్లకి ఏడు నిమిషాలు. ఎంత స్లో అని వెక్కిరిస్తావనుకున్నాను. పైకెళ్ళి తిరిగి చూస్తే నువ్వు ఏడుస్తున్నావు. నాకెంత సంతోషమేసిందో ఆ ఏడుపు చూసి!

సరే, ఇంక ఆపు, గొంతు ఎండిపోయింది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. నీది పెద్ద మోటారు, గబగబా ఎక్కు, ఎంత పైకైనా ఎక్కు. పైన తలుపు మాత్రం వేసుకోకు. నేను వస్తున్నాను.