మ్యాపులో ఆకుపచ్చ

కూర్చోమంటే కూర్చుంటాను గానీ బాబూ, మంచినీళ్ళిచ్చి పంపించేద్దామంటే మాత్రం కుదరదు. అదేటండీ, ఎల్లుండి రమ్మంటారు! గడువు మొన్ననే అయిపోయిందని మీరే అంటున్నారు. ఎల్లుండికి ఇంకా అయిపోదూ?

నా పేరు లూర్దు మేరీ. సోషలు టీచర్ని. రిటైరయి ఆరేళ్ళయింది. రాంబిల్లిలో పదకొండేళ్ళు, గొలుగొండలో ఏడేళ్ళు, మిగతాదంతా ఈ అనకాపల్లిలోనే. నాకు తొందర లేదు. మీకు తొందరుంటే ఆ ఫైలు పక్కన పెట్టి వినండి, బేగి అయిపోతుంది.

ఈ సంచిలో ముప్పై ఎనిమిది అభ్యంతరాల ఫారాలున్నాయి. అన్నీ మా గెడ్డపాలెం రైతులవే. ఇవి మీరు తీసుకోవాలి. అంతే నా పని.

ఎందుకు తీసుకోవాలీ అంటే, మొదట్నించీ చెప్తాను. మధ్యలో వస్తే ఏ పాఠమూ అర్థం కాదు.

ఊరు పెరుగుతోందని మీరు ఇరవై ఏళ్ళకి సరిపడా ప్లాను గీసేరు. మంచిదే. ఎక్కడ ఇళ్ళు కట్టాలి, ఎక్కడ బజారు రావాలి, ఎక్కడ పొలాలుండాలి, అన్నీ ఒక మ్యాపు మీద రంగులేసి జనానికి చూపించేరు. మీకేటైనా అభ్యంతరం ఉంటే నెల రోజుల్లో రాసివ్వండి అన్నారు. అదీ మంచిదే. నేను క్లాసులో చెప్పేదాన్ని, ప్రజాస్వామ్యం అంటే ఓటేసి ఇంటికెళ్ళి పడుకోడం కాదర్రా అని.

మరి గెడ్డపాలెం చెరకు పొలాలకి మీరేసిన రంగేటి? ఆకుపచ్చ. మీ లెక్కలో ఆకుపచ్చ అంటే ఏటి? పార్కు! వ్యవసాయానికి వేరే లేత ఆకుపచ్చ ఉందట. ఆ రెండిటికీ తేడా పట్టుకోవాలంటే చీరల కొట్టులో పనిచేసి ఉండాలి.

పార్కుకి నేను వ్యతిరేకిని కాను. సాయంత్రాలు నడవమని డాక్టరు నాకూ చెప్పేడు. కానీ ప్లాను ఇలాగే ఖాయమైపోతే ఆ ముప్పై ఎనిమిది కుటుంబాలూ ఏం తినాలి? పరదేశి అని మా వెనక వీధిలో ఉంటాడు. ఎకరం పాతిక సెంట్లూ, ఒక బెల్లం పాకా, అంతే అతని ఆస్తి. చెరకు కొట్టేసి అక్కడ ఉయ్యాల కడితే యాభై ఏళ్ళ మనిషి అందులో కూర్చుని ఊగుతాడా?

ఆఁ, మీటింగు పెట్టేరు. పెట్టలేదని నేనన్నానా? ఖర్చుల వివరం బైట నోటీసు బోర్డు మీద అంటించేరు కదా, ప్రజాభాగస్వామ్యం అని పేరు పెట్టి. ఇప్పుడే నిలబడి మొత్తం చదివొచ్చేను. షామియానా, ఫ్లెక్సీలు, మైకు, ప్రొజెక్టరు అద్దె, టిఫిన్లు, నీళ్ళ పేకెట్లు, బొకేలు. ఏ రంగుకి ఏ అర్థమో మ్యాపు మూలన రాస్తారే, సూచిక, అది తెలుగులో రాయించడానికి ఏటైనా పెట్టేరా అని వెతికేను. లేదు. పువ్వులకి డబ్బులున్నాయి గానీ తెలుగుకి లేవు!

ఉప్మా మాత్రం బాగుంది. ఉన్న మాట చెప్పాలి. జీడిపప్పు కూడా తగిలింది.

పోనీ ఎప్పుడు పెట్టేరు మీటింగు? ఫిబ్రవరిలో, పొద్దున్న పదకొండింటికి. గానుగాడే రోజులు బాబూ అవి! పెనం మీద చెరకు రసం మరుగుతుంటే ఎవడు వదిలి వస్తాడు? కాస్త ఏమరితే పాకం మాడిపోతుంది, బెల్లం నల్లబడిపోతుంది, మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. పరదేశి పెనం దగ్గర బావమరిదిని నిలబెట్టి, చొక్కా మీద మసి దులుపుకోకుండా పరిగెత్తుకొచ్చేడు. "ఆడు రసం కలుపుతా సెల్లులో మాటాడతాడు టీచరుగోరూ, నాను బేగి ఎల్లిపోవాల" అని ఒకటే గోల.

అయినా ఫారం తీసుకున్నాడు. పేరు రాయించుకున్నాడు. మా భూములు సేద్యానికే ఉంచాలి అన్న ముక్క రాయించుకోడమే మిగిలింది.

మరి ఎందుకు రాయించుకోలేదంటారా? ఆకుపచ్చ అంటే పొలం పొలంలాగే ఉంటుందని చెప్పేరు. సంతోషంగా వెళ్ళిపోయేడు. ముప్పై ఎనిమిది మందీ అలాగే వెళ్ళిపోయేరు.

ఎవరు చెప్పేరంటే... మైకులో చెప్పేర్లెండి. అంత జనంలో ఎవరి మొహం ఎవరికి కనిపిస్తుంది?

తప్పని ఎలా తెలిసిందంటే, మా మనవరాలు సుజి వల్ల. ఎనిమిదో క్లాసు, ఇంగ్లీషు మీడియం. మీరు పంచిపెట్టిన ఆ నున్నటి మ్యాపు కాగితాన్ని నోటుబుక్కుకి అట్ట వేసుకుంది. నిన్న పొద్దున్న బడికెళ్ళేముందు ఇడ్లీ తింటూ, "అమ్మమ్మా, పరదేశి తాతగారి పొలంలో పార్కు కడతారట కదా" అంది. ఎవరే చెప్పింది అన్నాను. "నీ మ్యాపే చెప్పింది" అని పుస్తకం నా కంచం పక్కన పెట్టింది.

కళ్ళజోడు పెట్టుకుని చూసేను. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. పార్కులు, ఖాళీ స్థలాలు అని ఉంది. కింద గడువు తేదీ ఉంది. అది మొన్నటిది. ఇడ్లీ కంచంలోనే వదిలేసేను బాబూ. అట్ట చింపేసి చేత్తో పట్టుకుని వీధిలోకి నడిచేను. వెనక అది ఏడుపు, నా బుక్కూ, నా బుక్కూ అని.

నిన్నంతా ఇల్లిల్లూ తిరిగేను, పాక పాకా తిరిగేను. నేను రాయడం, వాళ్ళు వేలిముద్రో సంతకమో పెట్టడం. పరదేశి పెళ్ళాం దేముడమ్మ ఏటందో తెలుసా? "మొన్నేమో పచ్చ మంచిదన్నారు, ఇయ్యాల చెడ్డదంటన్నారు. రేపేటంటారు టీచరుగోరూ?" అని నడుం మీద చెయ్యేసుకుని అడిగింది.

అన్నారు అంటే... ఆఫీసు వాళ్ళని అంది. మిమ్మల్నే.

ఇదిగో అర్జీ కూడా రాసి తెచ్చేను. చదవండి. "మీటింగులో ఆఫీసు తరపున మ్యాపును సరిగా వివరించనందున ఆలస్యమైనది, కావున ఈ ఫారములు స్వీకరించగలరు." ఎలా ఉంది? కొట్టివేతలు లేవు, మార్జిను ఉంది.

ఏటీ, అలాటి రూలు ఉందా? వివరణ తప్పయితే గడువు దాటినా తీసుకోవచ్చా? చూసేరా మరి! ఎంత గట్టి గోడకైనా ఎక్కడో ఒక కిటికీ ఉంటుందని నాకు తెలుసు. తీసుకోండి, ముప్పై ఎనిమిదీ లెక్కపెట్టుకోండి.

ఆఁ? బాధ్యులెవరో పేరు రాయాలా?

ఆ రోజు మ్యాపు పక్కన నిలబడ్డ మనిషా? తల నెరిసిపోయి, కళ్ళజోడు తాడుతో కట్టుకుని ఉంటాడు, ఆయనేనా? జాన్ బాబు. తెలుసు, మా చర్చి కాదు, వాళ్ళు బాప్టిస్టులు. మ్యాపు గీసింది కూడా ఆయనేనా? చక్కగా గీసేడు. కాంట్రాక్టు మీదా? పద్నాలుగేళ్ళ నించి కాంట్రాక్టేనా!

ఆగండాగండి. గంట ఎందుకు నొక్కేరు? మెమో ఏటి? ఒకటో తారీకు నించి రావద్దనా? ఆయన్నా?

అమ్మా, టైపు చేసే తల్లీ, నువ్వు కాస్సేపు బైట కూర్చో. ఆయన పిలిచేరు గానీ నేను వద్దంటున్నాను. వెళ్ళు.

బాబూ, ఆ అర్జీ ఇలా ఇవ్వండి. అందులో ఒక తప్పుంది. భాషలో కాదు. భాషలో తప్పు నేను రాయను.

చెప్పింది నేను.

మైకులో ఎవరో కాదు. నేనే. మీవాళ్ళే నన్ను వేదిక మీదకి పిలిచేరు, విశ్రాంత ఉపాధ్యాయిని, జనానికి అర్థమయ్యేట్టు ఆవిడైతే చెప్తారు అని. శాలువా కప్పేరు. ఆ బొకేల్లో ఒకటి నాదే. గోడ మీద అంత మ్యాపూ, చేతిలో కర్రా, ఎదురుగా మూడొందల మందీ! ముప్పై నాలుగేళ్ళు మ్యాపులు చెప్పిన మనిషి ఆగుతుందా?

అట్లాసులో రంగులేటి? ఆకుపచ్చ మైదానం, పసుపు పీఠభూమి, గోధుమరంగు కొండలు, నీలం నీళ్ళు. నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అదే చెప్పేను! మూలన సూచిక చదవలేదు. మ్యాపు చూసేముందు సూచిక చదవండర్రా అని తరతరాల పిల్లల చెవులు మెలేసిన మనిషిని, నేను చదవలేదు.

"ఆకుపచ్చ చూసేరా, మైదానం, పంటభూములు. మీ చెరకుకేటీ ఢోకా లేదు, ఎవరూ ఏటీ రాయక్కర్లేదు" అన్నాను. పరదేశి చేతిలో ఫారం నేనే పుచ్చుకుని, మడిచి, బల్ల మీద పెట్టేసేను. ఆ సాయంత్రం అతను కొత్త బెల్లం అచ్చు పంపించేడు. సుజికి పెట్టేను, నేనూ తిన్నాను.

ఇళ్ళున్న చోటంతా పసుపేసేరు కదా, దాన్ని పీఠభూమి అన్నాను. అనకాపల్లిలో పీఠభూమి ఎక్కడుంది బాబూ? మెయిన్ రోడ్డు పొడుగునా నీలం. మీ లెక్కలో అది వ్యాపారమట. నేనేటన్నాను? కాలవ తవ్వుతారన్నాను! దుకాణాల మధ్య కాలవేటి టీచరుగారూ అని ఒక్కరైనా అడగాలా వద్దా? చప్పట్లు కొట్టేరు! కిరాణా కొట్టు సింహాచలం ఆ కాలవ ఎప్పుడొస్తుందని నిన్న కూడా అడిగేడు.

నవ్వండి, పరవాలేదు. నాకూ నవ్వొస్తుంది, మిగతాది చెప్పకపోతే.

అడిగినవాడు ఒకడున్నాడు. జాన్ బాబు. అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలాగ చెయ్యెత్తేడు. "మేడమ్, చిన్న కరెక్షను" అన్నాడు. "ప్రశ్నలు చివర్న" అన్నాను. చెయ్యి దింపలేదు. కర్రతో బల్ల మీద ఒక్కటి కొట్టేను. దింపేసేడు.

చివర్న ఉప్మా వచ్చేసింది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఇది నేను చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు, పాపసంకీర్తనలో, ఫాదరుగారికి కూడా చెప్పలేదు. ఆయన చెయ్యి చూసినప్పుడే నాకు అనుమానం తగిలింది. ఎక్కడో తప్పు చెప్పేననిపించింది. ఒక్కసారి మూలకి తిరిగి సూచిక చూస్తే సరిపోయేది. చూడలేదు. అందరి ఎదురుగా, శాలువా కప్పుకుని, ఆగి కళ్ళజోడు వెతుక్కోవాలంటే సిగ్గేసింది. ఆ సిగ్గు వల్లే ముప్పై ఎనిమిది కుటుంబాలు ఫారం రాయకుండా ఇంటికెళ్ళేయి.

నా క్లాసులో ఏనాడూ ఒక్క పిల్ల లేచి, తప్పు టీచర్ అనలేదు. నేను తప్పు చెప్పను గనక అనుకునేదాన్ని.

సరే. ఇప్పుడు చిక్కేటో సరిగ్గా చూద్దాం. ఆఫీసు తప్పయితే ఫారాలు తీసుకుంటారు, జాన్ బాబు ఇంటికెళ్తాడు. జనం తప్పయితే జాన్ బాబు ఉంటాడు, పొలాలు పోతాయి. అంతే కదా? మరి ఆ రోజు నేను ఎవర్ని? జనాన్నా, ఆఫీసునా?

ఆలోచించండి, తొందర లేదు. కర్ర మీది. మైకు మీది. ఎక్కించినవాళ్ళు మీవాళ్ళు. శాలువా ఎవరి ఖర్చులో పడిందో చూడండి, బొకేల కిందే ఉండాలి. ఆఫీసు శాలువా కప్పి, ఆఫీసు మైకిచ్చి నిలబెట్టిన మనిషి జనం ఎలా అవుతుంది? ఆఫీసు తరపున తప్పు వివరణ ఇచ్చింది లూర్దు మేరీ. సరిదిద్దబోతే అడ్డుకున్నదీ లూర్దు మేరీ. ఇదిగో, పాత వాక్యం కొట్టేసేను, ఇది రాసేను, కింద సంతకం పెట్టేను. ఇంత వయసులో నా మీద ఏ మెమో ఇస్తారో ఇవ్వండి. ఫ్రేము కట్టించుకుంటాను.

స్టాంపు తీసేరా? వెయ్యండి. నెమ్మదిగా వెయ్యండి బాబూ, ఆ రెండోది తలకిందులుగా పడింది. పరదేశిది కాస్త నొక్కి వెయ్యండి. మసి అంటింది కదా, ఇంకు సరిగా పట్టదు.

మళ్ళీ మీటింగు పెట్టి సరైన వివరణ ఇవ్వాలా? ఇవ్వాల్సిందే. డబ్బులన్నీ మొన్నటిదానికే అయిపోయాయా? దానికి డబ్బులెందుకండీ? మా వీధి బడి గోడ చాలు, మ్యాపు ఒక్కటీ తెండి. చాపలు మావి. టీ దేముడమ్మ పెడుతుంది, నన్ను తిడుతూ పెడుతుంది, రుచిగానే ఉంటుంది. ఆదివారం మాత్రం వద్దు. నాకు మా చర్చిలో పూజ, జాన్ బాబుకి వాళ్ళ చర్చిలో ప్రార్థన. వాళ్ళది మూడు గంటలకి గానీ తెమలదు. శనివారం సాయంత్రం పెట్టండి, పెనాలు దింపేసేక.

జాన్ బాబే చెప్పాలి. సూచిక ముందు చదివి, తెలుగులో. ఆయనకి నేనే వెళ్ళి చెప్తాను, క్షమాపణతో సహా.

నేనా? నేను కింద చాప మీద, జనంలోనే కూర్చుంటాను.

ఏటీ, నోరు మెదపనని మాటివ్వాలా? ఒక అబద్ధం రాసి ఇప్పుడే కొట్టేసేను బాబూ. ఇంకోటి చెప్పించకండి నాచేత.